గ్లెన్ అనే గుండె ఆపరేషన్ అయిన బాబుకి ఛాతీలో పెట్టిన డ్రెయిన్ గొట్టంలో పాలలాంటి నీరు వస్తోంది, తల్లిపాలు ఆపేశారు. ఎవరి పిల్లలకైనా ఇలా అయిందా?

చిన్నూ అమ్మ:

అందరికీ నమస్తే. మూడు నెలలుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది కాకినాడ దగ్గర పల్లె, ఇప్పుడు హైదరాబాద్‌లో ఆసుపత్రి ఎదురు సందులో గది తీసుకుని ఉంటున్నాం. బాబుకి ఐదున్నర నెలలు, 5.6 కిలోలు. ట్రైకస్పిడ్ అట్రీషియా, అంటే గుండెలో కుడివైపు కవాటం అసలు తయారవలేదట. గ్లెన్ ఆపరేషన్ చేసి ఇవాళ్టికి 16 రోజులు. ఆరోగ్యశ్రీలో అయింది.

మొదటి నాలుగు రోజులు అంతా బాగుందన్నారు. రెండో రోజుకే వెంటిలేటర్ తీసేశారు, డ్రెయిన్ కూడా ఒకట్రెండు రోజుల్లో తీసేస్తామన్నారు. ఐదో రోజు ముక్కు గొట్టంలోంచి నా పాలు కొద్దికొద్దిగా మొదలుపెట్టారు. ఆ మర్నాడు నేను లోపలికి వెళ్లేసరికి, అంతకుముందు లేత పసుపుగా ఉన్న డ్రెయిన్ బాటిల్‌లో నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి. సాయంత్రానికి అచ్చం పాలే. నేను నిజంగానే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయనుకుని కేకలు పెట్టాను, సిస్టర్ పట్టుకుని బయట కూర్చోబెట్టింది. టెస్టు చేసి కైలోథొరాక్స్ అన్నారు, అంటే పాలలాంటి లింఫ్ ద్రవం ఛాతీలో చేరడమట. నా పాలు ఆపేసి ఎం.సీ.టీ పొడి అని ఒక డబ్బా రాసిచ్చారు. రోజూ ఎంత వచ్చిందో అడిగి చీటీ మీద రాసుకుంటున్నాను: 140 మిల్లీలీటర్లు, 120, 130, 125, నిన్న 95.

డాక్టర్లు చెప్పరని కాదు, చెప్తారు, కానీ రౌండ్స్‌లో రెండు నిమిషాలు నిలబడి చెప్పింది నా బుర్రకి ఎక్కదు, వాళ్లు వెళ్లాక సవా లక్ష డౌట్లు. ఇది నా పాల వల్ల వచ్చిందా? మా అత్తగారు నేను పథ్యం సరిగ్గా చెయ్యలేదని, ఆపరేషన్ ముందు వారం మాగాయ తిన్నానని, అందుకే పాలు విరిగి లోపల చేరాయని అంటున్నారు. తప్పని తెలుసు, అయినా రాత్రిళ్లు అదే గుర్తొస్తుంది. పంపుతో తీస్తే పూటకి 100 మిల్లీలీటర్లు దాకా వస్తున్నాయి, అవి వాష్‌బేసిన్‌లో పారబోస్తున్నాను. ఇక పంపు కూడా ఆపేయాలా? ఇది ఎన్నాళ్లుంటుంది? పక్క బెడ్ పాప వాళ్ల నాన్న, తగ్గకపోతే మళ్లీ ఛాతీ తెరవాలట అన్నాడు, అప్పటినుంచి అన్నం దిగడం లేదు. ఇంకొకటి, వచ్చే నెల అన్నప్రాసన అనుకున్నాం. అది అడగడానికి కూడా సిగ్గుగా ఉంది గానీ అడుగుతున్నాను.

కరీంనగర్ అక్క:

చెల్లీ, ముందు ఆ పాలు పారబోయడం ఆపు. మిగతావన్నీ తర్వాత.

మా పాపకి 24 రోజుల వయసులో బృహద్ధమని సన్నగా ఉందని, కోఆర్క్టేషన్ అంటారు, ఆపరేషన్ చేశారు. ఎనిమిదో రోజు నువ్వు చెప్పినట్టే డ్రెయిన్ తెల్లబడింది. మొత్తం 23 రోజులు గొట్టం ఉంది. ఇప్పుడు దానికి మూడున్నరేళ్లు, నిన్న గోడంతా స్కెచ్ పెన్నుతో గీసి తిట్లు తిన్నది. నేను చేసిన తప్పు చెప్తా విను. పాలు ఇవ్వొద్దు అనగానే ఇక నా పని అయిపోయింది అనుకుని నాలుగో రోజుకి పంపు మానేశాను. ఆరు వారాల తర్వాత డాక్టర్ గారు ఇక తల్లిపాలు ఇవ్వొచ్చమ్మా అన్నప్పుడు నా దగ్గర చుక్క లేదు. పాప ఆపరేషన్ రోజు కంటే నేను ఎక్కువ ఏడ్చింది ఆ రోజే. కాబట్టి రాత్రి ఒక్కసారైనా లేచి, రోజుకి ఏడెనిమిది సార్లు తీయి. శుభ్రమైన చిన్న పాకెట్లలో పోసి తేదీ వేసి గడ్డ కట్టించు. డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా నిలవ ఉంటాయని మాకు చెప్పారు. మామూలు ఫ్రిజ్ పైన ఉండే చిన్న అరలో అన్నాళ్లు పెట్టకు, తలుపు తెరిచినప్పుడల్లా కరుగుతుంది.

మాగాయ సంగతి. మా అమ్మ అయితే నేను గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూశానని అన్నది. ఎవరో ఒకరి మీద వెయ్యకపోతే మనవాళ్లకి నిద్రపట్టదు. మాగాయ తిన్నందుకు నీకు దాహం వేస్తుంది, అంతే.

ఇంకా ఒకటి, ఆ చీటీ మీద రాసుకుంటున్నావు చూడు, అది మంచి పని. కానీ ఒక రోజు పెరిగిందని హడలిపోకు. మాకు 60కి దిగి మళ్లీ 110కి ఎక్కింది, ఆ రోజు మా ఆయన మెట్ల మీద కూర్చుని లేవలేదు. తర్వాత తెలిసింది, అంతకుముందు రోజు పాప నిద్రలో ఒక పక్కకి ఒరిగి గొట్టం మడత పడిందట, రెండు రోజుల నీరు కలిసి వచ్చింది.

రాత్రి డ్యూటీ:

పిల్లల గుండె ఐసీయూలో పనిచేస్తాను. బాబు కేస్ షీట్ నేను చూడలేదు కాబట్టి మందుల మోతాదుల జోలికి పోను, అసలు లోపల ఏం జరుగుతోందో మాత్రం చెప్తాను. రౌండ్స్‌లో మేం రెండు నిమిషాల్లో చెప్పేది ఎవరి బుర్రకీ ఎక్కదు, అది మీ తప్పు కాదు.

మనం తిన్న పిండి పదార్థం, మాంసకృత్తులు పేగుల నుంచి నేరుగా రక్తంలోకి పోతాయి. మామూలు కొవ్వు అలా పోదు. పేగు గోడలో చిన్న చిన్న బొట్లుగా మారి, లింఫ్ అనే ద్రవం పారే నాళాల్లోకి పోతుంది, అందుకే ఆ ద్రవం తెల్లగా ఉంటుంది, దాన్నే కైల్ అంటాం. ఇదంతా వెన్నెముక ముందు నుంచి పైకి పోయే థొరాసిక్ డక్ట్ అనే సన్నటి గొట్టంలో చేరి, ఛాతీ దాటి, మెడకి ఎడమవైపు, చెయ్యి నుంచి వచ్చే సిర, మెడ సిర కలిసే చోట రక్తంలో పడుతుంది. 1622లో ఇటలీలో గాస్పరె అసెల్లీ అనే వైద్యుడు, అప్పుడే తిండి తిన్న కుక్క పొట్ట తెరిస్తే పేగుల చుట్టూ తెల్లటి దారాలు కనిపించాయి. ముందు నరాలనుకున్నాడు, ఒకటి కోస్తే పాలలాంటిది కారింది. తిండి తినని కుక్కలో అవి కనిపించలేదు. మీరు ఆరో రోజు బాటిల్‌లో చూసింది కూడా అదే. అంతకుముందు లేత పసుపుగా ఉన్నది కూడా బహుశా ఈ లింఫే, బాబు కడుపులోకి కొవ్వు పోలేదు కాబట్టి తెల్లగా లేదు, అంతే తేడా. పాలు ఇవ్వడం వల్ల కారడం మొదలవలేదు, కారుతున్నది బయటపడింది.

ఎందుకు కారింది అంటే. గ్లెన్‌లో తల, చేతుల నుంచి చెడు రక్తం తెచ్చే పెద్ద సిరని గుండె నుంచి తీసి ఊపిరితిత్తుల ధమనికి కుడతారు. దాంతో మెడ సిరల్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. లింఫ్ వచ్చి పడాల్సింది సరిగ్గా ఆ సిరల్లోకే. మీది గోదావరి వైపు కదా, నది నిండుగా ఉన్నప్పుడు పొలాల మురుగు కాలవ నీళ్లు దిగక వెనక్కి ఎగదన్నుతాయి చూశారా, గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పొర్లుతాయి. ఇదీ అలాంటిదే. కరీంనగర్ అక్క గారి పాపది వేరే దారి. కోఆర్క్టేషన్ ఆపరేషన్ చేసే చోటు ఆ డక్ట్‌కి ఆనుకునే ఉంటుంది, అక్కడ కొమ్మ ఒకటి తెగొచ్చు. పసిపిల్లల్లో ఆ గొట్టం దారమంత, రంగు లేకుండా ఉంటుంది, ఎంత మంచి సర్జన్‌కైనా కనపడటం కష్టం. మూడో కారణం మెడలోనో ఛాతీలోనో పెద్ద సిరలో గడ్డ కట్టడం. పిల్లల గుండె ఆపరేషన్లు అయ్యాక ఇది మొత్తం మీద నూటికి రెండు నుంచి ఐదుగురిలో కనిపిస్తుంది, గ్లెన్, దాని తర్వాతి దశలో చేసే ఫాంటాన్ లాంటివాటిలో ఇంకొంచెం ఎక్కువ.

మీరు రేపు రౌండ్స్‌లో అడగాల్సింది ఇదొక్కటే అనుకోండి: "మెడ సిరల్లో గడ్డ ఉందా లేదా చూశారా, గ్లెన్ కుట్టిన చోట సన్నబడిందా, ఒత్తిడి ఎంత ఉంది?" చాలావరకు ఎకో, స్కాన్ చేసే ఉంటారు. ఒత్తిడి తగ్గించగలిగే కారణం ఏదైనా దొరికితే అది సరిచేయకుండా ఎంత పథ్యం పెట్టినా లాభం తక్కువ.

ఇక ఎం.సీ.టీ. ఇది మామూలు కొవ్వు కంటే పొట్టి గొలుసున్న, మధ్యరకం కొవ్వు అనుకోండి. ఇది లింఫ్ దారి పట్టకుండా పేగు నుంచి నేరుగా కాలేయానికి పోయే రక్తంలో కలుస్తుంది. బాబుకి శక్తి అందుతుంది, డక్ట్‌లో రద్దీ తగ్గుతుంది, కారే చోట మానడానికి వీలు దొరుకుతుంది. దీంతో తగ్గకపోతే కొన్నాళ్లు నోటి ద్వారా, గొట్టం ద్వారా ఏమీ ఇవ్వకుండా సిర ద్వారానే పోషణ ఇస్తారు. అందులో కొవ్వు కూడా ఉంటుంది, చూసి కంగారు పడకండి, సిరలోకి ఇచ్చే కొవ్వు లింఫ్‌లోకి పోదు. ఆక్ట్రియోటైడ్ అనే మందు కూడా వాడతారు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి ఏం తేడా ఉండదు, నిజం చెప్పాలంటే పసిపిల్లల్లో దాని మీద గట్టి ఆధారాలు తక్కువ. అది నడుస్తున్నప్పుడు షుగర్, గుండె వేగం, పొట్ట ఉబ్బరం గమనిస్తూ ఉంటాం.

మేం మిల్లీలీటర్లు చూడం, కిలోకి ఎంత అని చూస్తాం. మీ 140 అంటే కిలోకి 25, నిన్నటి 95 అంటే కిలోకి 17. పదికి లోపు దిగి అక్కడే నిలబడితే గొట్టం తీసే మాట మాట్లాడతాం. దిగుతున్న దారిలోనే ఉన్నారు.

రెండోసారి ఛాతీ తెరవడం గురించి: ఎక్కువ మంది పిల్లలకి ఆ అవసరం రాదు. రెండు మూడు వారాలైనా తగ్గకుండా ఎక్కువగా వస్తూనే ఉంటే అప్పుడు డక్ట్‌ని కట్టెయ్యడం, లేదా ఊపిరితిత్తి పొరని ఛాతీ గోడకి అతుక్కునేలా చెయ్యడం ఆలోచిస్తారు. డక్ట్ కట్టడం 1948 నుంచీ ఉన్న పద్ధతే. అది పక్క బెడ్ వాళ్ల మాట మీద కాదు, మీ బాబు లెక్కల మీద ఆధారపడి ఉంటుంది.

పిఠాపురం బాబాయ్:

అమ్మాయ్, మనూరి పక్కే. ఇంత ఖరీదు పొడులు ఎందుకు, మా అబ్బాయి గూగుల్ చేసి చూపించాడు, కొబ్బరి నూనెలో ఉండేది కూడా ఆ ఎం.సీ.టీయే అట. గానుగ కొబ్బరి నూనె చెంచాడు, కాస్త తేనె నాకిస్తే లోపల పుండు మానుతుంది. మా రోజుల్లో ఉగ్గుగిన్నెలో ఇవే పోసేవాళ్లు. మంచి మాట చెప్తున్నా, ఏమనుకోకు.

పథ్యం మేడం:

బాబాయ్ గారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ ఈ బాబు విషయంలో రెండూ ప్రమాదమే. నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని, కొబ్బరి నూనె ప్రశ్న నాకు వారానికి ఒకసారి వస్తుంది.

కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, పేరుకి అది మధ్యరకం కొవ్వే గానీ 12 కార్బన్ల గొలుసు, అందులో ఎక్కువ భాగం మామూలు కొవ్వులాగే లింఫ్ దారే పడుతుంది. మిగిలిన దాంట్లో పొడవు గొలుసువి కూడా చాలా ఉన్నాయి. ఆసుపత్రిలో ఇచ్చే ఎం.సీ.టీ నూనెలో ఉండేవి 8, 10 కార్బన్లవి. అవి కొబ్బరి నుంచే తీస్తారు, నిజమే, కానీ వేరు చేసి తీస్తారు. చెరుకు రసం ఇచ్చి పంచదార ఇచ్చాం అన్నట్టు ఉంటుంది మీ లెక్క. తేనె అయితే ఏడాది లోపు పిల్లలెవరికీ నాకించొద్దు, గుండె జబ్బు ఉన్నా లేకపోయినా. బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.

అమ్మాయ్, నీ పాల గురించి. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకి సుమారు మూడున్నర, నాలుగు గ్రాముల కొవ్వు ఉంటుంది. సమస్య ఆ కొవ్వుతో మాత్రమే, మిగతా అంతా బాబుకి కావలసిందే. కైల్‌తో పాటు ఒంట్లోంచి మాంసకృత్తులు, రోగనిరోధక కణాలు, యాంటీబాడీలు కూడా పోతున్నాయి కదా, అందుకే కొన్నిచోట్ల తల్లిపాలని సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో చల్లగా, వేగంగా తిప్పి పైన తేలిన మీగడ తీసేసి కింది పాలు ఇస్తారు. మీ ఆసుపత్రిలో ఆ ఏర్పాటు ఉందో లేదో అడుగు, ల్యాబ్ ఉన్న చోట కొందరు చేసిపెడతారు. కానీ ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి, పైన మీగడ స్పూనుతో తీసి ఇచ్చే పని చెయ్యకు. అలా తీస్తే కొవ్వు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ మిగులుతుంది, ఎంత మిగిలిందో కళ్లకి తెలియదు. పైగా కొవ్వు తీసిన పాలలో శక్తి సగానికి పడిపోతుంది. అందులో ఎం.సీ.టీ నూనె, విటమిన్లు లెక్కగా కలపకపోతే బాబు బరువు పెరగడు. పాల బ్యాంకు గురించి ఎవరైనా చెప్తారేమో, ఇక్కడే నిలోఫర్ ఆసుపత్రిలో ఉంది, మంచి పని చేస్తున్నారు, కానీ ఆ పాలలోనూ కొవ్వు ఉంటుంది కాబట్టి ఇప్పుడు మీకు పనికిరాదు.

ఎం.సీ.టీ మొదలుపెట్టాక విరేచనాలు పల్చగా అవుతాయి కొందరికి. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే అలా అవ్వొచ్చు, సిస్టర్‌కి చెప్తే భాగాలు చేసి ఇస్తారు. ఈ పథ్యం ఎక్కువ రోజులు నడిస్తే ఒంటికి తప్పనిసరిగా కావలసిన కొన్ని కొవ్వులు, ఏ, డి, ఇ, కె విటమిన్లు తగ్గుతాయి, చర్మం పొడిబారి పొలుసులు లేస్తే చెప్పు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతారు, కొందరు డాక్టర్లు ఇంకా ముందే మాన్పిస్తున్నారు, అది మీ టీమ్ ఇష్టం.

అన్నప్రాసనకి సిగ్గెందుకు? నెయ్యి, పాలు లేకుండా చెయ్యి, సరిపోతుంది. పాత బియ్యం మెత్తగా ఉడికించి, పెసరపప్పు కట్టు రెండు చెంచాలు, చిటికెడు బెల్లం. బాబుకి ఆరు నెలలు నిండి, డాక్టర్ గారు నోటి తిండికి సరే అన్న రోజున. తర్వాత కూడా కొన్నాళ్లు నీళ్లతో చేసిన రాగిజావ, ఉడికించిన క్యారెట్, చిలగడదుంప, అరటిపండు, ఆపిల్ పెట్టొచ్చు. నెయ్యి, వెన్న, కొబ్బరి, వేరుశనగ, గుడ్డు పచ్చసొన మాత్రం డాక్టర్ సరే అనే దాకా దూరం. ఎం.సీ.టీ నూనె వండేటప్పుడు పొయ్యి మీద కాచకు, దించాక కలుపు. ఇంటికి వచ్చేవాళ్లకి ముందే చెప్పు, ఎవరో ఒక అమ్మమ్మ చెంగులోంచి నెయ్యి గిన్నె తీస్తుంది, నేను చూశాను.

న్యూజెర్సీ నాన్న:

మాది ఒంగోలు, పదేళ్లుగా ఇక్కడ. రాయాలా వద్దా అని ఆలోచించాను, ఎందుకంటే మాది కాస్త కష్టమైన కేసు, అమ్మాయికి అనవసరంగా భయం పెట్టినట్టు అవుతుందేమోనని. కానీ ఆపరేషనే చివరి దారి అనుకుంటున్నారు కాబట్టి చెప్తున్నాను, మధ్యలో ఇంకో దారి కూడా ఉంది.

మా పాపకి కూడా గ్లెన్ తర్వాతే వచ్చింది, ఏడో నెలలో. ఎం.సీ.టీ, ఉపవాసం, ఆక్ట్రియోటైడ్ అన్నీ అయ్యాయి, ఐదు వారాలు తగ్గలేదు. అప్పుడు లింఫ్ ఎమ్మారై చేశారు. గజ్జల్లో ఉండే లింఫ్ గ్రంథుల్లోకి సన్న సూదితో రంగుమందు ఎక్కించి, అది ఏ దారిన పైకి పోతుందో ఎక్కడ కారుతుందో ఫోటోలు తీస్తారు. ఈ పద్ధతిని పిల్లల్లో బాగా అభివృద్ధి చేసింది ఫిలడెల్ఫియాలో డాక్టర్ యోవ్ డోరి, మాక్సిమ్ ఇట్కిన్ వాళ్లు. అంతకు ముందు 1990ల్లో అదే ఊళ్లో కాన్‌స్టాంటిన్ కోప్ అనే ఆయన, ఛాతీ కొయ్యకుండా సూది ద్వారా డక్ట్‌లోకి వెళ్లి మూసేసే పద్ధతి మొదలుపెట్టాడు. మా పాప ఫోటోల్లో డక్ట్ నుంచి ఒక కొమ్మ పక్కకి ఊపిరితిత్తి వైపు పోతూ కనపడింది. దాన్ని నూనె లాంటి రంగుమందు, జిగురు కలిపి మూసేశారు, వారంలో గొట్టం తీశారు.

అందరికీ ఇది కుదరదని కూడా మాకు ముందే చెప్పారు. ఒక్కచోట కారితే మూసెయ్యొచ్చు. ఒత్తిడి వల్ల అన్ని చోట్లా ఊరుతుంటే ఉన్న ఒక్క దారి మూసేస్తే ఒళ్లంతా వాపు రావొచ్చు. అందుకే ముందు ఫోటో, తర్వాతే నిర్ణయం. మీ లెక్కలు చూస్తే అంత దూరం రాదనిపిస్తోంది.

రాత్రి డ్యూటీ:

న్యూజెర్సీ అన్న చెప్పింది నిజం. మన దేశంలో కూడా కొన్ని పెద్ద సెంటర్లలో లింఫ్ నాళాల స్కాన్లు, మూయడాలు చేస్తున్నారు. ఇప్పుడే వాటి కోసం వెతుక్కుంటూ తిరగకండి, మీ టీమ్ అవసరం అనుకుంటే వాళ్లే మాట్లాడతారు. ఇన్ని రోజుల అడ్మిషన్ గురించి, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి మాత్రం ఒకసారి అడగండి, కాగితాలు ముందే పెట్టించుకుంటే చివర్లో పరుగు ఉండదు.

నిన్న రాయడం మర్చిపోయాను. కైల్ ఎక్కువ పోయిన పిల్లలకి ఇన్ఫెక్షన్లు తేలిగ్గా వస్తాయి, రక్తం గడ్డకట్టే గుణం కూడా మారుతుంది. చూడ్డానికి వచ్చే చుట్టాల్ని ఆపండి, జలుబు ఉన్నవాళ్లని అసలు రానివ్వొద్దు. యాంటీబాడీలు తగ్గాయని ఐవీఐజీ, అంటే సిర ద్వారా ఎక్కించే యాంటీబాడీల మందు, ఇచ్చి ఉంటే డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి, తొమ్మిదో నెలలో వేసే మీజిల్స్-రుబెల్లా టీకా తేదీ దాన్నిబట్టి మారొచ్చు.

చిన్నూ అమ్మ:

అందరికీ ఒక్కసారే రాస్తున్నాను, తొమ్మిది రోజులైంది, ఆలస్యానికి క్షమించండి.

రాత్రి డ్యూటీ గారు చెప్పిన ప్రశ్న చీటీ మీద రాసుకుని చదివాను, అక్షరం పొల్లు పోకుండా. పెద్ద డాక్టర్ గారు నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుని పది నిమిషాలు చెప్పారు. గడ్డ లేదట. కుట్టిన చోటు బాగానే ఉందట, ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉందని మందు ఒకటి కలిపారు. 95 తర్వాత 80, 84, 60, 45, 30, 22. రెండు రోజులు పదిహేను దగ్గర నిలబడింది. మొన్న గొట్టం తీసేశారు. ఎక్స్‌రేలో నీరు లేదు. నా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను, పాతిక రోజుల తర్వాత, ఏ వైరూ అడ్డం లేకుండా.

బాబాయ్ గారూ, ఏమనుకోలేదు, మీరూ పెద్ద మనసుతోనే చెప్పారు.

పాలు పారబోయడం ఆ రోజే ఆపేశాను అక్కా. ఇక్కడ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పే ఏర్పాటు లేదన్నారు, అందుకే అన్నీ దాస్తున్నాను. కూకట్‌పల్లిలో మా పిన్ని వాళ్లకి డీప్ ఫ్రీజర్ ఉంది, ఐస్‌పెట్టెలో పెట్టి రోజు విడిచి రోజు మా ఆయన బస్సులో పట్టుకెళ్తున్నారు. నిన్నటికి 41 పాకెట్లు. తేదీలు మా అత్తగారే రాస్తున్నారు, నా రాత అర్థం కాదట. మాగాయ ఊసు ఎత్తడం లేదు, నేనూ ఎత్తడం లేదు.

రేపు డిశ్చార్జ్ అంటున్నారు. ఇంకో నాలుగు వారాలు ఎం.సీ.టీ పొడి, తర్వాత ఎక్స్‌రే చూసి నా పాలు. ఇంటికి వెళ్లాక మళ్లీ నీరు చేరితే నాకెలా తెలుస్తుంది? ఊళ్లో ఆర్‌.ఎం.పీ డాక్టర్ తప్ప ఎవరూ లేరు, కాకినాడ వెళ్లాలంటే గంట.

రాత్రి డ్యూటీ:

నిద్రపోతున్నప్పుడు చొక్కా తీసి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో రేపు డిశ్చార్జ్‌కి ముందే లెక్కపెట్టి రాసుకోండి. ఇంటి దగ్గర రోజూ ఒకసారి అదే సమయానికి లెక్కపెట్టండి. దానికంటే బాగా పెరిగినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడుతున్నా, పాలు తాగుతూ మధ్యలో ఆగి ఆయాసపడుతున్నా, మొహం, కళ్ల కింద వాపు కనిపించినా, ఉచ్చ తగ్గినా ఆగకుండా కాకినాడ వెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయించి మీ టీమ్‌కి వాట్సాప్ చెయ్యండి. పెదాలు మామూలు కంటే నీలంగా ఉంటే, బాబు మగతగా ఉంటే 108కి ఫోన్ చెయ్యండి. గ్లెన్ పిల్లలకి కొంచెం నీలం ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ఇప్పుడు ఎంత ఉందో, ఆక్సిజన్ శాతం ఎంతో కూడా రాయించుకోండి. లేకపోతే కొత్త డాక్టర్ ఎవరైనా 80 చూసి హడలిపోయి అనవసరంగా హడావిడి చేస్తారు. పాలు మళ్లీ మొదలుపెట్టిన తర్వాత వారం, పది రోజులు ఎక్కువ జాగ్రత్త. మళ్లీ వచ్చే అవకాశం అప్పుడే ఎక్కువ.

కరీంనగర్ అక్క:

సంతోషం చెల్లీ, చదివి మా ఆయనకి వినిపించాను.

ఊరికి పాకెట్లు తీసుకెళ్లకు, పిన్ని దగ్గరే ఉంచు. మీ వైపు ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, పూర్తిగా కరిగినవి మళ్లీ గడ్డ కట్టించకూడదు. నాలుగు వారాల తర్వాత చెకప్‌కి వస్తారు కదా, అప్పుడు పాత తేదీలవి ముందు తీసుకో. అప్పటిదాకా ఇంటి దగ్గర పంపు మాత్రం మానకు, రాత్రిది అసలు మానకు.